తురక అంటే ఎవరు? కొండ మీది సినిమాలు చెప్పని చరిత్ర (9వ భాగం)



ఈ భాగం రాయమని యూనివర్సిటీ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలా రోజులుగా అడుగుతున్నారు. హాస్టళ్ళలో రెండు మాటలు బాగా తిరుగుతున్నాయి. ఒకటి: తురకలు గుర్రాలెక్కి వచ్చి, మెడ మీద కత్తి పెట్టి మనవాళ్ళను సాయిబుల్ని చేశారు. రెండోది: ఇస్లాం రాగానే అంటరానితనం పోయింది, సుల్తానుల రాజ్యంలో దళితులకు ఊపిరాడింది. మొదటి మాట ఎవరికి పనికొస్తుందో మీకు తెలుసు. రెండోది మన చెవికి ఇంపుగా ఉంటుంది కాబట్టి మనమే ఎక్కువ నమ్ముతాం. కానీ వెలివాడలో ఏం జరిగింది, మగ్గం గుంటలో ఏం జరిగింది, దూది ఏకే పాకలో ఏం జరిగింది అని అడిగితే రెండు మాటల దగ్గరా జవాబు లేదు. ఆ జవాబు కోసమే ఈ భాగం.

నేను ఉండేది ఫిలింనగర్ బస్తీలో. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ రెండూ రెవెన్యూ లెక్కల్లో శేక్‌పేట మండలం కిందికే వస్తాయి. బస్తీ మెట్లెక్కి చూస్తే కుతుబ్ షాహీ సమాధుల గుమ్మటాలు, వాటి వెనక గోల్కొండ కోట కనబడతాయి. కింద మెయిన్ రోడ్డు మీద ఆనాటి బాటసారులు దిగిన శేక్‌పేట సరాయి ఉంది. ఇంకా ముందుకు పోతే దర్గా బస్టాపు. 1976లో అన్నపూర్ణ స్టూడియో వచ్చాక, మద్రాసు నుంచి సినిమా మెల్లగా ఈ గుట్టల మీదికి చేరింది. తెలుగువాళ్ళకు తురక ఎట్లా ఉంటాడో చూపించే సినిమాలు, తురక రాజుల సమాధులకు కూతవేటు దూరంలో తయారవుతున్నాయి.

ముందు ఆ మాట సంగతి చూద్దాం.

తురక అనేది మతం పేరు కాదు. టర్క్ అనే జాతి పేరు సంస్కృతంలో తురుష్క అయింది, మన నోట్లో తురక అయింది. పాత తెలుగు శాసనాల్లో అవతలి పక్షాన్ని ముస్లింలు అని రాయడం చాలా అరుదు. తురుష్కులు అనో, వాళ్ళ రాజును అశ్వపతి అనో రాశారు. ఓరుగల్లు రాజు నరపతి, ఒరిస్సా రాజు గజపతి, ఢిల్లీ సుల్తాను అశ్వపతి. మనుషుల బలం ఒకరిది, ఏనుగుల బలం ఒకరిది, గుర్రాల బలం ఇంకొకరిది. అంటే ఆనాటి పాలకుల కంటికి తురక మొదట ఒక సైనిక శక్తి. విజయనగర రాజులైతే 14వ శతాబ్దంలోనే హిందూరాయ సురత్రాణ అని బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణ అంటే సుల్తాను అనే మాటకు సంస్కృత వేషం. తిరుమలలో కృష్ణదేవరాయల విగ్రహం తల మీద ఉన్న పొడుగాటి టోపీ కుళ్లాయి, అది పర్షియా దిక్కు నుంచి వచ్చిన కొలువు వేషం. సినిమాల్లో రాయలవారి తల మీద ఆ టోపీ చూసి చప్పట్లు కొట్టే ప్రేక్షకుడికి అది తురకల దారిన వచ్చిందని ఎవరూ చెప్పరు.

అదే మాట ఊళ్ళో దూదేకుల సాయిబు మీద, అత్తరు సాయిబు మీద పడింది. ఆయన తాత ముత్తాతలు టర్కీ చూడలేదు, సమర్‌ఖండ్ చూడలేదు. ఆయన మాట్లాడేది తెలుగు. గుర్రం ఎక్కినవాడి పేరు గుర్రం చూడనివాడికి అతుక్కుంది. ఈ ఒక్క మాటలోనే సగం గందరగోళం ఉంది.

అసలు తురుష్కులు ఎవరు? మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో గుర్రాలు, గొర్రెల మందలు మేపుకునే తెగలు. గుర్రం మీద పోతూ బాణం వేయడంలో వాళ్ళకు సాటి లేదు. బాగ్దాదు ఖలీఫాలు ఈ పిల్లల్ని బానిసలుగా కొని సైన్యంలో పెంచారు. బంధువులు లేని, ఊరు లేని సైనికుడైతే యజమానికే నమ్మకంగా ఉంటాడని లెక్క. ఖలీఫా అల్ ముతసిం ఈ సైన్యాన్ని పెట్టుకుని 836లో సమర్రా అనే కొత్త రాజధానికే మారిపోయాడు. కానీ కత్తి ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళదే అవుతుంది. కొన్ని తరాల్లో బానిస సైనికులే ఖలీఫాలను పెట్టడం, తీసేయడం మొదలైంది. గజనీ రాజ్యం అట్లాంటి బానిస సేనాపతుల చేతుల్లోనే పుట్టింది. గజనీ మహమూద్ తండ్రి సబుక్తిగీన్ ఒకప్పుడు అమ్ముడుపోయిన బానిస. ఇంకో తురుష్క వంశం సెల్జూకులు 1040లో గజనీ సైన్యాన్ని దందానఖాన్ దగ్గర ఓడించారు, 1055లో బాగ్దాదులో అడుగుపెట్టారు, 1071లో మాంజికర్ట్ దగ్గర బైజాంటియం చక్రవర్తిని పట్టుకున్నారు. ఢిల్లీలో 1206లో గద్దెనెక్కిన కుతుబుద్దీన్ ఐబక్ బానిసగా కొనబడ్డవాడే. అతని తర్వాత ఇల్‌తుత్‌మిష్ కూడా అంతే.

ఇక్కడ మన గుండె ఒక్కసారి కొట్టుకుంటుంది. బానిస రాజయ్యాడా! వర్ణ ధర్మంలో అది ఊహకే అందదు కదా! నిజమే. కానీ ఆగి చూడండి. బానిస రాజయ్యాడు, బానిసత్వం పోలేదు. రాజైన బానిస మళ్ళీ బానిసల్ని కొన్నాడు. పుట్టుక బలం లేదు కాబట్టి గద్దె నిలవడానికి మతం ముద్ర కావాల్సి వచ్చింది. అందుకే ఇల్‌తుత్‌మిష్ 1229లో బాగ్దాదు ఖలీఫా పంపిన దుస్తులు వేసుకుని గుర్తింపు పొందాడు. మసీదులు కట్టడం, ఉలేమాలను పోషించడం, ఖలీఫా పేరున ప్రార్థన చదివించడం, ఇవన్నీ ఆ గద్దెకు కాళ్ళు. తురుష్క రాజ్యం, ఇస్లాం చేయి పట్టుకుని నడిచాయి. కానీ ఆ రెండూ ఒకటి కాదు. మనం వేరు చేసి చూడాల్సింది ఇదే.

ఇద్దరు రచయితల్ని పక్కపక్కన పెడితే ఇది తేటగా కనబడుతుంది.

మొదటివాడు అల్ బిరూనీ. ఖ్వారెజ్మ్ పండితుడు, గజనీ మహమూద్ కాలంవాడు, 1030 ప్రాంతంలో మన దేశం గురించి పెద్ద గ్రంథం రాశాడు. మహమూద్ దాడులు ఈ దేశాన్ని ఎంత పాడు చేశాయో దాచకుండా రాశాడు. నాలుగు వర్ణాల గురించి రాసి ఊరుకోలేదు. వాటి కింద అంత్యజులున్నారని, చాకలి, చెప్పులు కుట్టేవాడు, గారడీవాడు, బుట్టలు అల్లేవాడు, పడవవాడు, చేపలు పట్టేవాడు, వేటగాడు, సాలెవాడు అని వృత్తుల లెక్క రాశాడు. వాళ్ళు ఊళ్ళ దగ్గరే, కానీ ఊరి బయట ఉంటారని రాశాడు. వాళ్ళకన్నా కింద హాడి, డోమ, చండాలురను చెప్పాడు. దాదాపు వెయ్యేళ్ళ కింద, ఒక పరదేశి కంటికి వెలివాడ అంత స్పష్టంగా కనబడింది. భక్తిలో తప్ప మనుషుల్లో తేడా లేదని తమ మతం అంటుందని, హిందువులతో తమకు పొసగకుండా చేసే పెద్ద అడ్డంకి అదేనని కూడా అతను రాశాడు.

రెండోవాడు జియావుద్దీన్ బరనీ. 14వ శతాబ్దంవాడు, ఢిల్లీ సుల్తానుల కొలువు మనిషి, ఉన్నత వంశం. పాలన ఎట్లా చేయాలో చెబుతూ ఫతావా ఎ జహాందారీ అనే పుస్తకం రాశాడు. తక్కువ పుట్టుక వాళ్ళకు నమాజు, రోజా వంటివి తప్ప చదువు చెప్పకూడదు, చెబితే రాజ్యం చెడిపోతుంది అంటాడు. శంబూకుడి కథ తెలిసినవాళ్ళకు ఈ మాట కొత్తగా ఉండదు. బరనీ రాసిందాన్ని బట్టే, సుల్తాన్ బల్బన్ తక్కువ పుట్టుక వాళ్ళను కొలువుల్లోంచి తీసేశాడు. ఆ బల్బన్ కూడా ఒకప్పుడు బజారులో అమ్ముడుపోయిన బానిసే! మహమ్మద్ బిన్ తుగ్లక్ తోటమాలులకు, మంగళ్ళకు, వంటవాళ్ళకు పదవులిచ్చాడని బరనీకి ఒళ్ళుమంట. అంటే ఆ రాజ్యంలో కింది మనిషికి తలుపు అప్పుడప్పుడు తెరుచుకుంది. దాన్ని మూయడానికి తోసేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు, వాళ్ళ చేతిలో కలం ఉంది.

బిరూనీ చెప్పింది మతం మాట. బరనీ చెప్పింది పాలక కులం మాట. ఒకటి చదివి రెండోది వదిలేస్తే మోసపోతాం.

ఇక మన నేలకు వద్దాం. ఓరుగల్లు మీదికి మొదట గెలుపు సైన్యం తెచ్చింది మాలిక్ కాఫూర్. 1309లో బయల్దేరి 1310లో ప్రతాపరుద్రుడి దగ్గర ఏనుగులు, గుర్రాలు, బంగారం తీసుకుని పోయాడు. సినిమా తురక ముఖాన్ని ఇతనికే పెట్టాలి. కానీ కాఫూర్ పుట్టుకతో తురుష్కుడు కాడు, ముస్లిమూ కాడు. 1299లో గుజరాత్ మీద దాడిలో ఖంభాత్ దగ్గర పట్టుబడిన హిందూ బానిస. 1323లో ఓరుగల్లును పూర్తిగా పట్టుకుంది ఉలుగ్ ఖాన్, ఆ తర్వాత అతనే మహమ్మద్ బిన్ తుగ్లక్. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున చనిపోయాడు. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది.

ఈ యుద్ధంలో జనం నలిగిపోలేదని నేను అనను. 1330 ప్రాంతంలో ప్రోలయ నాయకుడు వేయించిన విలస తామ్రశాసనం తురుష్కుల పాలనను చీకటిగా వర్ణిస్తుంది. ధనవంతులను హింసించి డబ్బు గుంజారని, రైతు పంట రైతుకు దక్కలేదని, గుళ్ళు పాడయ్యాయని, అగ్రహారాలు పోయాయని చెబుతుంది. ఇందులో నిజం ఉంది. ఏ సైన్యం వచ్చినా ముందు కాలేది పేదవాడి గుడిసే. కానీ ఆ శాసనం ఎందుకు చెక్కారో కూడా చదవాలి. వెన్నయ అనే బ్రాహ్మణుడికి విలస గ్రామాన్ని అగ్రహారంగా ఇస్తూ చెక్కింది అది. చీకటి పోయి వెలుగొచ్చిందనడానికి వాళ్ళు చూపిన గుర్తు, మళ్ళీ ఒక ఊరు ఊరంతా బ్రాహ్మణుడి చేతికి పోవడం. ఆ ఊళ్ళో దున్నిన కూలీ ఏ చీకటి నుంచి ఏ వెలుగులోకి వచ్చాడో ఆ రాగి రేకు మీద లేదు.

ఓరుగల్లు నుంచి ముస్లిమైన పెద్ద మనిషి ఎవరో తెలుసా? ప్రతాపరుద్రుడి సేనాని గన్నమ నాయకుడు. ఢిల్లీ పోయి మాలిక్ మక్బూల్ అయ్యాడు. చదవడం రాయడం రాకపోయినా ఫిరోజ్ షా తుగ్లక్ దగ్గర వజీరు, ఖాన్ ఎ జహాన్ అయ్యాడు. తిలంగానీ అనే పేరు చివరిదాకా ఉంది. అతని ఎనిమిది పలకల సమాధి ఢిల్లీలో నిజాముద్దీన్ దగ్గర ఇప్పటికీ ఉంది. మతం మారి అంత ఎత్తుకు పోయినవాడు మారకముందే నాయకుడు, కోటలో మనిషి. మారితే వెంటనే లాభం ఎవరికి దొరికిందో దీన్నిబట్టి లెక్కేసుకోండి.

తర్వాత 1347లో దక్కన్‌లో బహమనీ రాజ్యం లేచింది. గోల్కొండ కొండను ముసునూరి కాపయ నాయకుడు 1364 ప్రాంతంలో ఒప్పందం మీద బహమనీలకు అప్పగించాడు. ఇరాన్‌లో కారా కొయున్‌లు, అంటే నల్ల గొర్రెల తురుష్కుల రాజ్యం 1467లో తెల్ల గొర్రెల తురుష్కుల చేతిలో కూలిపోయింది. ఆ ఓడిన వంశంలోని కుర్రవాడు సుల్తాన్ కులీ, హమదాన్ నుంచి బతుకుదెరువుకు బీదరు వచ్చాడు. 1496లో తెలంగాణ తరఫ్‌దారు అయ్యాడు, 1518 నాటికి గోల్కొండలో సొంతంగా నిలబడ్డాడు. 1543లో కొడుకు జంషీద్ కుట్రలో, మసీదులో ప్రార్థన చేస్తుండగా హత్య అయ్యాడు. మా మెట్ల మీంచి కనబడే గుమ్మటాల కథ ఇట్లా ఒక శరణార్థితో మొదలైంది.

ఈ తురుష్క వంశం తెలుగు నేలను ఎట్లా ఏలింది? ఇబ్రహీం కుతుబ్ షా ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకుని, 1550లో తిరిగి వచ్చి రాజయ్యాడు. తెలుగు కవులు అతన్ని మల్కిభరాముడు అన్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అతనికి అంకితమిచ్చాడు. పొన్నిగంటి తెలగన మొదటి అచ్చ తెలుగు కావ్యం యయాతి చరిత్రను పటాన్‌చెరు అమీన్ ఖాన్‌కు అంకితమిచ్చాడు. ఫర్మానాలు పారసీకంలోనూ తెలుగులోనూ రాశారు. అదే ఇబ్రహీం 1565లో రామరాయల మీద యుద్ధానికీ పోయాడు. చివరి రాజు తానీషా దగ్గర దివాను మాదన్న బ్రాహ్మణుడు, ఆయన అన్న అక్కన్న కూడా పెద్ద అధికారి. 1687లో ఎనిమిది నెలల ముట్టడి చేసి ఈ రాజ్యాన్ని కూల్చింది ఇంకో తురుష్క వంశం వాడు, ఔరంగజేబు. బాబరు తన ఆత్మకథ రాసుకుంది చగతాయ్ తుర్కీ భాషలో అని గుర్తుంచుకోండి. తురకకు తురక చుట్టం కాదు, గద్దెకు గద్దె పోటీ.

గంగా జమునా తహజీబ్ అని దీన్ని పొగిడేవాళ్ళున్నారు. పొగడ్తలో అబద్ధం లేదు. కానీ ఆ సహజీవనం ఎవరి మధ్య? పైన తురుష్క, పారసీక అమీర్లు. వాళ్ళ కింద బ్రాహ్మణ కరణాలు, దేశపాండ్యాలు. ఊళ్ళలో దేశ్‌ముఖులు, నాయకులు. ఈ ముగ్గురి మధ్య పొత్తు కుదిరింది. సుల్తానుకు కావాల్సింది శిస్తు. శిస్తు రావాలంటే ఊరు ఊరిలాగే ఉండాలి. ఊరు ఊరిలాగే ఉండాలంటే వాడ వాడలాగే ఉండాలి. కళేబరం మోసేవాడు, తోలు తీసి మోట బొక్కెన కుట్టేవాడు, కబురు మోసే వెట్టి మనిషి తమతమ చోట్లలోనే ఉండాలి. గోల్కొండ వజ్రాల పేరు ప్రపంచమంతా మోగింది. కొల్లూరు గనిలో ఆడా మగా పిల్లలూ కలిపి 60,000 మంది పని చేస్తున్నారని ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే రాశాడు. కోహినూరు కథ మనందరికీ తెలుసు. మట్టి తవ్విన ఆ 60,000 మందిలో ఒక్కరి పేరు తెలియదు.

ఈ గుట్ట మీద తయారైన సినిమాల సంగతి ఇక్కడే చెప్పాలి. తురకకు రెండే పాత్రలు. ఒకటి, కళ్ళకు కాటుక పెట్టుకుని గట్టిగా నవ్వుతూ ఊరు తగలబెట్టేవాడు. రెండోది, రాముడి దర్శనం కలిగిన మంచి తానీషా. 1964 భక్త రామదాసు నుంచి 2006 శ్రీరామదాసు దాకా కంచర్ల గోపన్న జైలు కథ మనం మళ్ళీ మళ్ళీ చూశాం. మాదన్న మేనల్లుడైన తహశీల్దారు, వసూలైన ప్రభుత్వ సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడు, జైలుకు పోయాడు, రాముడే వచ్చి బాకీ తీర్చాడు. పాటలు బాగుంటాయి, నేనూ విన్నాను. కానీ ఆ సొమ్ము ఎవరు కట్టారు? పాల్వంచ పరగణాలో చెమటోడ్చినవాడు కట్టాడు. సుల్తానుకు బాకీ తీరింది, భక్తుడికి ముక్తి దొరికింది. కట్టినవాడు తెర మీదికి రాలేదు.

ఒకప్పుడు నేను జూనియర్ ఆర్టిస్టుగా ఒక చారిత్రక సినిమాకు నాలుగు రోజులు పోయాను. పొద్దున మాకు ఆకుపచ్చ తలపాగా, అతికించిన గడ్డం. మధ్యాహ్నం భోజనాలయ్యాక గడ్డం పీకేసి బొట్టు పెట్టారు, కాషాయం జెండా చేతికిచ్చారు. పొద్దున నేను చంపినవాణ్ణి మధ్యాహ్నం నేనే అయ్యాను. నా పక్కన పడినవాళ్ళలో పాలమూరు నుంచి వలస వచ్చిన మాదిగ పిల్లలున్నారు, టోలిచౌకి సాయిబుల పిల్లలున్నారు. నిజం యుద్ధాల్లోనూ రెండు వైపులా పడిపోయింది ఇట్లాంటివాళ్ళే అని ఆ రోజు నాకు అర్థమైంది.

ఇప్పుడు కత్తి వాదాన్ని తూచి చూద్దాం. కత్తితోనే మతం పెరిగి ఉంటే, కత్తి ఎక్కడ ఎక్కువ కాలం ఉందో అక్కడ ముస్లింలు ఎక్కువ ఉండాలి. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 1993లో వచ్చిన తన బెంగాల్ పుస్తకంలో ఇదే చూపించాడు. సుల్తానుల గుండెకాయ ఢిల్లీ, ఆగ్రా ప్రాంతం. అక్కడ ముస్లింలు ఎన్నడూ మెజారిటీ కాలేదు. మెజారిటీ అయింది ఆ గుండెకాయకు దూరంగా ఉన్న తూర్పు బెంగాల్, పడమటి పంజాబ్‌లలో. అడవి కొట్టి పొలం చేసిన చోట, బ్రాహ్మణ వ్యవస్థ ఇంకా గట్టిగా దిగని చోట, పంటతో పాటు కొత్త మతం మెల్లగా దిగింది. మన దగ్గర చూడండి. తెలంగాణలో ఐదు వందల ఏళ్ళకు పైగా ముస్లిం రాజుల ఏలుబడి. 2011 లెక్కల్లో తెలంగాణలో ముస్లింలు 12.7 శాతం. హైదరాబాద్ జిల్లాలో 43 శాతం ఉన్నారంటే అది రాజధాని కాబట్టి. ఇరాన్, అరబ్బు, ఆఫ్రికా, ఉత్తర హిందుస్థాన్ నుంచి కొలువులకు, సైన్యానికి, వ్యాపారానికి జనం ఇక్కడికి వచ్చారు.

మరి ఊళ్ళలో ఎట్లా వచ్చింది? దర్గా దారిన వచ్చింది, వృత్తి దారిన వచ్చింది, తరాలు తరాలు తీసుకుని వచ్చింది. బీజాపూర్ సూఫీలు తిరగలి విసిరేటప్పుడు, రాట్నం వడికేటప్పుడు ఆడవాళ్ళు పాడుకునే పాటలు దక్కనీలో కట్టారు. మతం వంటింట్లోకి అట్లా పోయింది. మన దగ్గర పెనుకొండ బాబయ్య, నెల్లూరు దిక్కు కసుమూరు, నల్లగొండ దిక్కు జాన్‌పహాడ్ సైదులు. ముందు మొక్కు, తర్వాత పేరు, చాలా తర్వాత మతం. చాలామంది పేరు దగ్గరే ఆగిపోయారు. మన వాడల్లో సైదులు, మస్తానమ్మ, పీరయ్య, హుస్సేనమ్మ అనే పేర్లు ఎన్నో. గుడి గడప తొక్కనివ్వని చోట పీర్ల చావిడి మనల్ని రానిచ్చింది. అలావ చుట్టూ మాదిగ డప్పు లేకుండా పీర్ల పండుగ లేదు. నమాజు వరసలో పక్కవాడి భుజం తాకి నిలబడడం, ఒకే పళ్ళెంలో అన్నం తినడం, అంటరానితనం అనుభవించినవాడికి చిన్న సంగతి కాదు.

అయితే సూఫీలందరూ కఠిక ఫకీర్లు కారు. మా దిక్కున ఉన్న హుస్సేన్ షా వలీ దర్గానే చూడండి. ఇబ్రహీం కాలంలో, 1562 ప్రాంతంలో హుస్సేన్ సాగర్ కట్టించింది ఆయనే అంటారు, చెరువు పేరు అందుకే వచ్చింది. ఆయన దర్గాకు మణికొండ జాగీరు. ఆ జాగీరు భూమి మీద నడిచిన కేసులో 1,654 ఎకరాలు ప్రభుత్వానివే అని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. రాజు జాగీరు ఇచ్చాడు, ఇప్పుడు సర్కారు తీసుకుంది, ఆ దిక్కున అద్దాల మేడలు లేచాయి. ఇన్ని చేతులు మారిన భూమి భూమి లేనివాడి చేతికి మాత్రం రాలేదు.

మతం మారినవాడి కులం పోయిందా? జవాబు పాత గ్రంథాల్లో వెతకొద్దు, రిజర్వేషన్ జాబితా తీయండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో చేసిన బీసీ-ఈ చట్టంలో 4 శాతం ఎవరికి? తురక చాకలి, హజాం, ఫకీర్, గారడీ సాయిబు, గోసంగి ముస్లిం, అత్తరు సాయిబు, ఖురేషీ, సిద్దీ వంటివాళ్ళకు. ఎవరికి లేదు? సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజాలకు లేదు. గుర్రం మీద వచ్చామని చెప్పుకునేవాళ్ళు ఒక వరసలో, ఇక్కడే పుట్టి ఇక్కడే మారినవాళ్ళు ఇంకో వరసలో ఉన్నారు. దూదేకుల బీసీ-బీలో ఉన్నారు. పాకీ పని చేసిన ముస్లిం మెహతర్ బీసీ-ఏలో ఉన్నాడు. ఆయన అంటరానితనానికి ఎస్సీ అనే పేరు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాణ్ణి ఎస్సీగా గుర్తించలేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ముస్లింలు, క్రైస్తవులు ఇప్పటికీ బయటే. ఇస్లాంలో కులం లేదు కదా, మీకెందుకు రిజర్వేషన్ అని వాళ్ళను అడుగుతారు. ఇస్లాంలో కులం లేదు అని మనం కూడా సులువుగా అనేస్తే ఆ తలుపు మూసే చేతికి మన చెయ్యి తోడవుతుంది.

బాబాసాహెబ్ ఏమన్నారు అని మీరు అడుగుతారు. ఆయన రెండు సంగతులూ రాశారు. పాకిస్తాన్ మీద రాసిన పుస్తకంలో 1901 బెంగాల్ జనాభా లెక్కలు చూపి అష్రాఫ్, అజ్లాఫ్, అర్జల్ అనే మెట్లను బయటపెట్టారు. బౌద్ధం పతనం మీద రాస్తూ ముస్లిం దాడులు విహారాలను, భిక్షువులను తుడిచిపెట్టాయని కూడా రాశారు. నలంద ప్రాంతంలో బఖ్తియార్ ఖల్జీ చేసిన నాశనం దాచేది కాదు. అయితే బ్రాహ్మణ మతం కూడా అవే దాడులు తిని ఎందుకు నిలబడింది, దానికి రాజుల అండ ఎట్లా దొరికింది అని కూడా ఆయన అక్కడే లెక్క తేల్చారు. ఆ సగం వదిలేసి మిగతా సగం పంచేవాళ్ళతో జాగ్రత్త. మన నాగార్జునకొండ విహారాలు 1323కు ఎన్నో వందల ఏళ్ళ ముందే ఖాళీ అయ్యాయి. అక్కడ ఏ తురక గుర్రమూ అప్పటికి రాలేదు.

మిత్రులారా, ఈ చరిత్రలో మనకు రాజు లేడు. ప్రతాపరుద్రుడు మనవాడు కాదు, తానీషా మనవాడు కాదు. ఎవరి గెలుపుకూ మనం చప్పట్లు కొట్టాల్సిన పని లేదు, ఎవరి ఓటమికీ పగ తీర్చుకోవాల్సిన పని అంతకన్నా లేదు. మనవాళ్ళు మూడు దిక్కుల్లో ఉన్నారు. వాడలో మిగిలినవాళ్ళు, పీర్ల పేరు పెట్టుకుని అక్కడే ఆగినవాళ్ళు, దాటి మసీదు వరసలో నిలబడ్డవాళ్ళు. మూడోవాణ్ణి పరాయివాడు అనమని మనకు నేర్పుతున్నారు. ఆయన ఇక్కడి అంత్యజుల మనవడు. దాటిపోయాక కూడా పాకీ పని, తోలు పని, దూది పని ఆయన వెంటే పోయాయి.

కాబట్టి రేపు హాస్టల్లో ఎవరైనా తురక కథ ఎత్తితే అరవకండి, నాలుగు ప్రశ్నలు వేయండి. ఆ కాలంలో భూమి ఎవరి పేరున ఉంది? శిస్తు ఎవరు కట్టారు, ఎవరు రాశారు, ఎవరు తిన్నారు? ఈ కథ చెక్కించినవాడికి ఏ ఊరు దక్కింది? ముస్లిం మెహతర్‌కు ఎస్సీ హోదా ఇవ్వాలంటే నువ్వు సంతకం పెడతావా? నాలుగో ప్రశ్న ముఖ్యం. దానికి మన దగ్గర కూడా కొందరు తల దించుకుంటున్నారు, కోటాలో వాటా తగ్గుతుందని భయం. ఆ భయం గురించి మనలో మనం తెరిచి మాట్లాడుకోవాలి. కోటా పెంచమని అడగడం ఒక దారి, అన్నదమ్ముణ్ణి గడప బయట నిలబెట్టడం ఇంకో దారి. నేను మొదటి దారిలో నడుస్తాను, మీరూ రండి.

వచ్చే భాగంలో దూదేకుల, నూర్‌బాషా జనం చరిత్ర చూద్దాం.

జై భీమ్.